వాడిన వాకీటాకీలు కొనే సంఘాలకు ఒక మనవి

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతిలో నాకు అప్పగించిన అంశం "సంఘం ఆస్తుల కొనుగోలు, రికార్డులు" అని. ఈ అంశం మీద సాధారణంగా ఏం చెబుతారో మీకు తెలుసు. తీర్మానం రాయాలి, కొటేషన్లు పిలవాలి, వోచరు పెట్టాలి, స్టాకు రిజిస్టరులో ఎక్కించాలి. ఇవన్నీ మీరు విన్నవే. అందుచేత ఈ రోజు ఒకే ఒక్క వస్తువును తీసుకుని మాట్లాడతాను. అది వాకీటాకీ. అందులోనూ ఇంకొకరు వాడి వదిలినది, నంబరు సరిగా లేనిది.

పాల సంఘానికి వాకీటాకీతో పనేమిటని మైదాన ప్రాంతం వారు అనుకోవచ్చు. కొండ అంచు గ్రామాల వారిని అడగండి, వారు చెబుతారు. సెల్‌ఫోను సిగ్నలు అందని ఊళ్ళు ఇంకా ఉన్నాయి. ఉదయం పాలు పోసి క్యాన్లు రోడ్డు మీద పెట్టి బండి కోసం ఎదురుచూడటం, బండి ఎక్కడ ఆగిపోయిందో తెలియక వేసవి ఎండలో పాలు విరిగిపోవటం వారికి కొత్త కాదు. పితికిన పాలను త్వరగా 4 డిగ్రీల చల్లదనానికి తేకపోతే అవి నిలవవు. బండి రెండు గంటలు ఆలస్యమయితే రైతు కష్టం నేలపాలే. అటువంటప్పుడు ఎవరో వచ్చి "చవకగా వైర్‌లెస్ సెట్లు ఉన్నాయి, తీసుకోండి" అంటే ఏ అధ్యక్షుడికి మాత్రం ఆశ కలగదు?

అలా ఆశపడిన ఒక సంఘం కథ మీకు చెప్పాలి. సంఘం పేరూ, మనిషి పేరూ చెప్పను. వారు మంచివారు.

రెండు మూడేళ్ళ కిందటి మాట. ఆ వేసవిలో వారి పాలు రెండుసార్లు విరిగిపోయాయి. రెండోసారి 640 లీటర్లు పారబోశారు. ఆ మరుసటి వారమే ఒకతను వచ్చి, రోడ్డు పని ముగించుకుని వెళ్ళిపోయిన కాంట్రాక్టరు దగ్గర మిగిలిన సెట్లని చెప్పి, ఆరు వాకీటాకీలు 27,000 రూపాయలకు ఇచ్చాడు. రొక్కం తీసుకున్నాడు. బిల్లు ఇవ్వలేదు. తెల్లకాగితం మీద "ముట్టినది" అని రాసి సంతకం పెట్టాడు. అధ్యక్షుడు ఒక సెట్టు బండి డ్రైవరుకు, తక్కినవి దారిలోని ఊళ్ళకు పంచాడు.

తనిఖీకి నేను వెళ్ళినప్పుడు స్టాకు రిజిస్టరులో "వైర్‌లెస్ సెట్లు, 6, సెకండ్ హ్యాండ్" అని ఉంది. నంబరు రాయవలసిన గడి ఖాళీగా ఉంది. "బిల్లు తెప్పించి పెట్టండి" అని కార్యదర్శికి చెప్పి పేజీ తిప్పేశాను. వెన్న శాతం రిజిస్టరు, బోనసు పంపకం, బకాయిలు చూసుకున్నాను. సెట్టు ఒక్కటి తెమ్మని, వెనుక బ్యాటరీ ఊడదీసి చూసి ఉంటే అప్పుడే తెలిసిపోయేది. చూడలేదు. ఆ తప్పులో నాకూ భాగం ఉంది. అందుకే ఇవాళ ఈ విషయం ఎంచుకున్నాను.

నాలుగు నెలలు గడిచాయి. ఒక రాత్రి వాహనాల తనిఖీలో పోలీసులు మన బండి ఆపారు. డ్రైవరు పక్కన సెట్టు కనబడింది. కాగితాలు అడిగారు, లేవు. బ్యాటరీ ఊడదీశారు. నంబరు ఉండవలసిన చీటీని బ్లేడుతో గీకేసి ఉంది. తక్కిన ఐదు సెట్లూ తెప్పించారు. మరొకదాని చీటీ కూడా గీకివేతే. రెండింటి మీద ఒకే నంబరు. మిగిలిన రెండింటి మీద చీటీలు చక్కగానే ఉన్నాయిగాని, కంప్యూటరుకు తగిలించి చూస్తే లోపలి నంబరు వేరు, పైనున్న నంబరు వేరు. లోపలి నంబర్లు పక్క జిల్లాలో ఒక పనుల కంపెనీ ఇచ్చిన దొంగతనం ఫిర్యాదులోని నంబర్లతో కలిశాయి.

సెట్లు పోయాయి, డబ్బు పోయింది. అమ్మినవాడు దొరకలేదు. అధ్యక్షుడు, కార్యదర్శి రెండు నెలలపాటు స్టేషను చుట్టూ తిరిగారు. సర్వసభ్య సమావేశంలో ఒక ముసలమ్మ లేచి, "మా పాల డబ్బుతో దొంగ సొత్తు కొన్నావా నాయనా" అని అడిగింది. ఆ మాటకు ఆయన జవాబు చెప్పలేకపోయాడు. తరువాత ఇంట్లో ఉన్న చూడి పెయ్యను అమ్మి 27,000 రూపాయలూ సంఘం ఖాతాలో కట్టాడు. ఆయన ఒక్క రూపాయి తినలేదని నాకు తెలుసు, ఊరికీ తెలుసు. అయినా మళ్ళీ ఎన్నికలకు నిలబడలేదు.

సోదరులారా, ఆ మనిషి పాడిలో అమాయకుడు కాడు. గేదెను కొనేటప్పుడు ఆయన ఏం చేస్తాడో మీకు తెలుసు. పళ్ళు చూస్తాడు, పొదుగు చూస్తాడు, సుడులు చూస్తాడు. ఇప్పుడయితే చెవికి ఉన్న ట్యాగు కూడా చూస్తాడు. 12 అంకెల ఆ నంబరు ఉంటేనే ఆ పశువు ఎవరిదో, ఏ టీకా వేశారో, బీమా ఉందో లేదో తెలుస్తుంది. ట్యాగు లేనిదే క్లెయిము లేదని బీమా వారు చెప్పే మాట మీలో ఎంతమందికి అనుభవమో నాకు తెలుసు. చెవి కోసి ట్యాగు తీసేసిన గేదెను సగం ధరకు ఇస్తానన్నా మీరు కొనరు. "ఎక్కడి నుండి తోలుకొచ్చావురా" అని అడుగుతారు. వాకీటాకీ సీరియల్ నంబరు కూడా దాని చెవి ట్యాగే. గేదె దగ్గర అడిగే ప్రశ్న సెట్టు దగ్గర ఎందుకు అడగలేదు? నేను చెప్పదలచిన దంతా ఈ ఒక్క ప్రశ్నే.

ఇక నంబరు సరిగా లేని సెట్టు కొంటే వచ్చే నష్టాలు ఒక్కొక్కటిగా చెబుతాను.

మొదటిది హక్కు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 27వ సెక్షనులో ఒక సూత్రం ఉంది. అమ్మినవాడికి లేని హక్కు కొన్నవాడికి రాదు. దొంగ దగ్గర కొన్నవాడు ఎంత సద్బుద్ధితో కొన్నా, ఎంత సొమ్ము ఇచ్చినా, అసలు యజమాని వచ్చి అడిగితే వస్తువు ఇచ్చివేయవలసిందే. మీ డబ్బు కోసం అమ్మినవాణ్ణి వెతుక్కోవాలి. తెల్లకాగితం మీద సంతకం పెట్టి వెళ్ళినవాణ్ణి ఎక్కడ వెతుకుతారు?

రెండవది నేరం. దొంగ సొత్తు అని తెలిసిగాని, అలా నమ్మడానికి తగిన కారణం ఉండిగాని, దురుద్దేశంతో తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను కింద మూడేళ్ళ వరకు శిక్ష ఉంది. "కారణం ఉండి" అన్న మాట గమనించండి. గీకేసిన నంబరు, సగం కంటే తక్కువ ధర, బిల్లు లేకపోవటం, రొక్కమే కావాలనటం. ఈ నాలుగూ ఒక్కచోట చేరాక "నాకు అనుమానం రాలేదు" అంటే ఎవరు నమ్ముతారు?

మూడవది, వైర్‌లెస్‌కు ఉన్న ప్రత్యేక చట్టం. ఇది రేడియో కొనుక్కుని పాటలు విన్నట్లు కాదు. మాట పంపగల సెట్టు విషయంలో 1933 నాటి వైర్‌లెస్ చట్టం లైసెన్సు లేకుండా దగ్గర పెట్టుకోవటాన్నే నేరమన్నది. వాడలేదు, బీరువాలో పెట్టాను అన్నా కుదరదు. తరువాత 2023లో టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. దాని 42వ సెక్షను 2024 జూన్ 26 నుండి అమలులో ఉంది. పరికరాన్ని గుర్తించే అంకెలను, అక్షరాలను తారుమారు చేసినవారికీ, తారుమారు చేసినవని తెలిసి అటువంటి సెట్టును కావాలని దగ్గర ఉంచుకున్నవారికీ మూడేళ్ళ వరకు జైలు, లేదా 50 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చునని అందులో ఉంది. 50 లక్షలంటే మన సంఘాల్లో చాలావాటికి ఏళ్ళ తరబడి మిగులు.

లైసెన్సు అక్కరలేని సెట్లు కూడా ఉన్నాయి. 446.0 నుండి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ శక్తితో పనిచేసే వాటికి 2018లో మినహాయింపు ఇచ్చారు. అయితే ఆ రకం సెట్టుకు కేంద్ర టెలికాం శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ విభాగం ఆమోదం ఉండాలి. అమ్మేవాడు "ఇది లైసెన్సు లేని రకమే సార్" అంటే ఆ ఆమోదపత్రం నంబరు అడగండి, సెట్టు ఏ ఫ్రీక్వెన్సీలో పలుకుతుందో రాసిమ్మనండి. ఈ వివరాలు లేకుండా వాకీటాకీలు అమ్ముతున్నారనే 2025 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆన్‌లైన్ అంగళ్ళకు నోటీసులిచ్చి, ప్రత్యేకంగా మార్గదర్శకాలు విడుదల చేసింది. పెద్ద పెద్ద అంగళ్ళలోనే ఇంత గందరగోళం ఉంటే, సంచిలో తెచ్చి అమ్మేవాడి సంగతి చెప్పనక్కరలేదు.

ఇంకొకటి. వాడిన సెట్టులో పాత యజమాని పెట్టుకున్న ఫ్రీక్వెన్సీలే ఉంటాయి. మన డ్రైవరు బటన్ నొక్కి "బండి బయలుదేరింది" అంటే అది ఎవరి చెవిన పడుతుందో తెలియదు. పోలీసులు, రైల్వేవారు, అటవీ శాఖవారు ఇటువంటి సెట్లతోనే పని నడుపుకుంటారు. మన మాట వారి మాటకు అడ్డుపడితే అది పాల గొడవగా మిగలదు. పైగా పాత యజమాని లైసెన్సు సెట్టుతోపాటు మన చేతికి రాదు.

నాలుగవది నకిలీ. నంబరు గీకేసిన ప్రతి సెట్టూ దొంగిలించినదే కానక్కరలేదు. పేరున్న కంపెనీ బొమ్మ వేసి ఎవరో తయారుచేసినది కావచ్చు. నకిలీ చేసేవాడు ఒకే నంబరు చీటీని పది సెట్లకు అంటిస్తాడు. లోపల బ్యాటరీ ఏ నాణ్యతదో తెలియదు. నాసిరకం లిథియం బ్యాటరీ ఉబ్బుతుంది, ఛార్జింగులో మండుతుంది. మీరు దాన్ని పెట్టేది పాల కేంద్రంలో, ప్లాస్టిక్ డబ్బాలూ గోనె సంచులూ ఉన్నచోట.

2024 సెప్టెంబరు 18న లెబనాన్‌లో వాకీటాకీలు పేలి 20 మందికి పైగా చనిపోయిన వార్త మీరు చదివే ఉంటారు. అది యుద్ధంలో శత్రువు పన్నిన పన్నాగం. మన సెట్లు పేలతాయని భయపెట్టడానికి ఈ మాట చెప్పటం లేదు. ఆ సెట్ల మీద జపానుకు చెందిన ఐకామ్ కంపెనీ పేరుంది. కంపెనీ ఏమన్నదంటే, ఆ మోడలునూ దాని బ్యాటరీలనూ తయారుచేయటం 2014లోనే ఆపేశామనీ, నకిలీలను పట్టుకోవడానికి అంటించే హోలోగ్రామ్ ముద్ర ఆ సెట్ల మీద కనబడలేదు గనుక అవి తాము పంపినవో కావో చెప్పలేమనీ. గుర్తు లేకపోతే తయారుచేసినవాడే తన సరుకును పోల్చుకోలేకపోయాడు. మనమెంత?

అయిదవది సంఘం లోపలి బాధ్యత. 1964 నాటి సహకార సంఘాల చట్టం కింద నమోదయిన సంఘంలో, బుద్ధిపూర్వకమైన నిర్లక్ష్యం వల్లగాని, చట్టానికి విరుద్ధంగా చేసిన చెల్లింపు వల్లగాని నష్టం వస్తే, 60వ సెక్షను కింద సర్‌చార్జీ వేసి బాధ్యుల నుండి వసూలు చేయవచ్చు. మంచి ఉద్దేశం వేరు, తీర్మానం వేరు. మొదటిది మనసులో ఉంటుంది, రెండవది మినిట్స్ పుస్తకంలో ఉండాలి.

ఇన్ని చెప్పాక, "అయితే వాడినవి అసలు కొనకూడదా?" అని మీరడుగుతారు. కొనవచ్చు. కాని అంతకు ముందు అసలు అవసరమా అని ఆలోచించండి. చేతిలో పట్టుకునే సెట్టు మాట కొండ అడ్డం వస్తే ముందుకు పోదు. చదునైన నేల మీద కూడా కొద్ది కిలోమీటర్లే. లైసెన్సు అక్కరలేని తక్కువ శక్తి సెట్లు ఇంకా తక్కువ దూరం పలుకుతాయి. నేను చెప్పిన సంఘంలో కూడా ఆరు సెట్లలో రెండు ఊళ్ళవి బండికి ఏనాడూ అందనేలేదు. సిగ్నలు ఉన్న చివరి ఊరి కార్యదర్శికి డ్రైవరు ఫోను చేయటం, అక్కడి నుండి ఒక కుర్రవాడు సైకిలు మీద కబురు అందించటం, బండి రాకకు గట్టి వేళ పెట్టి ఆలస్యమయితే రవాణా కాంట్రాక్టరుకు కోత వేయటం, అన్నిటికంటే ముఖ్యంగా బల్క్ కూలరు కోసం యూనియన్‌ను పట్టుబట్టటం. ఈ పనులు వాకీటాకీ కంటే ఎక్కువ పాలు కాపాడతాయి. నిజంగా వైర్‌లెస్ కావాలంటే దారిలోని సంఘాలన్నీ కలిసి యూనియన్ ద్వారా అడగండి. లైసెన్సు దరఖాస్తును టెలికాం శాఖ సరల్ సంచార్ పోర్టల్‌లో పెట్టుకోవచ్చు.

అయినా వాడినవే కొనవలసి వస్తే, ఈ పద్ధతి పాటించండి. వీలయితే ఒక కాగితం మీద రాసుకోండి.

ఒకటి. డబ్బు మాట ఎత్తకముందే ప్రతి సెట్టుకూ బ్యాటరీ ఊడదీసి చూడండి. చీటీ గీకి ఉన్నా, చింపి మళ్ళీ అంటించినట్లున్నా, అక్షరాలు వంకరగా ఉన్నా, ఆ సెట్టును పక్కన పెట్టండి.

రెండు. అన్ని సెట్ల నంబర్లూ, మోడలు నంబర్లూ కాగితం మీద వరుసగా రాయండి. ఒకే నంబరు రెండుసార్లు వచ్చిందంటే ఆ బేరం అక్కడితో ఆపండి.

మూడు. కంపెనీ గుర్తింపు ఉన్న సర్వీసు కేంద్రానికి తీసుకువెళ్ళి, కంప్యూటరులో కనబడే లోపలి నంబరు పైనున్న నంబరుతో కలుస్తుందో లేదో చూపించమనండి. కలిసిందని రాతపూర్వకంగా తీసుకోండి. అమ్మేవాడు ఇందుకు ఒప్పుకోకపోతే అదే మీకు జవాబు.

నాలుగు. మొదటి యజమాని కొన్న బిల్లు, ఆయన లైసెన్సు నకలు, మీకు అమ్ముతున్నట్లు ఉత్తరం అడగండి. ఈ మూడింటిలోనూ సెట్ల నంబర్లు ఉండాలి.

అయిదు. పాలకవర్గ తీర్మానంలో "వైర్‌లెస్ సెట్లు 6" అని రాస్తే చాలదు. ఆరు నంబర్లూ రాయాలి. చెల్లింపు బ్యాంకు ద్వారానే జరగాలి. అమ్మినవాడి గుర్తింపు కార్డు నకలు వోచరుకు జతచేయాలి.

ఆరు. లైసెన్సు చేతికి వచ్చేదాకా సెట్టును వాడకండి, ఎవరికీ పంచకండి.

చివరగా ఒక మాట. ఇప్పటికే ఇటువంటి సెట్లు కొని బీరువాలో పెట్టుకున్న సంఘాలు ఈ హాలులోనే ఉండవచ్చు. వారు భయపడి చేసే తప్పులు మూడు. చెరువులో పడేయటం, పక్క సంఘానికి అమ్మేయటం, రిజిస్టరులో ఆ పేజీ చింపేయటం. ఈ మూడింటిలో ఏది చేసినా మోసపోయినవారు కాస్తా నేరస్థులవుతారు. సెట్లు ఉన్నవి ఉన్నట్లు ఉంచండి. ఎవరి దగ్గర, ఎప్పుడు, ఎంతకు కొన్నారో నిజం రాయండి. పాలకవర్గ సమావేశంలో పెట్టండి. యూనియన్‌కూ, మా శాఖకూ తెలియజేసి, పోలీసు స్టేషనులో ఉత్తరం ఇచ్చి రసీదు తీసుకోండి. తెలియక కొనటం ఒక సంగతి. తెలిసి దాచటం వేరొక సంగతి. చట్టం కూడా ఈ రెండింటికీ తేడా చూస్తుంది.

నేను సహకార డిప్లొమా పట్టుకుని ఈ ఉద్యోగంలో చేరినప్పుడు మా పై అధికారి ఒకరు, రిజిస్టరులో ఖాళీ గడి కనబడితే అక్కడే కూర్చో అనేవారు. ఆ రోజు నేను కూర్చోలేదు. ఇప్పుడు ఏ సంఘానికి వెళ్ళినా ముందు స్టాకు రిజిస్టరు తెరిచి, నంబరు గడి ఖాళీగా ఉన్న వస్తువునల్లా బల్ల మీద పెట్టించి చూస్తున్నాను. కార్యదర్శులు విసుక్కుంటున్నారు. విసుక్కోనివ్వండి. మీరు కూడా ఈ రోజు ఇంటికి వెళ్ళగానే ఆ రిజిస్టరు ఒక్కసారి తెరవండి. వాకీటాకీలే కాదు, పాలు పరీక్షించే మిషను, తూకం యంత్రం, ఇన్వర్టరు, దేని నంబరు రాసి లేకపోయినా రేపటి లోపల రాయండి. రాయడానికి నంబరే కనబడకపోతే, అది ఎక్కడి నుండి వచ్చిందో అడగండి.

సంఘం డబ్బు అంటే తెల్లవారుజామున లేచి గడ్డి వేసి, పాలు పితికి, లీటరు లీటరు మోసుకొచ్చిన వారి డబ్బు. దానితో కొన్న ప్రతి వస్తువుకూ ఒక పుట్టుక, ఒక యజమాని, ఒక నంబరు ఉండాలి. ఇది గుర్తుంచుకుంటే చాలు.